రీళ్ల హనుమండ్లు చూసిన ఇంగ్లీషు సినిమా

పదేళ్లు సినిమాలు మోసిన మనిషి ఒక్క సినిమా కూడా మొదటి నుంచి చివరిదాకా చూడలేదంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మాలి మరి, హనుమండ్లు సంగతి అంతే. మంచిర్యాలలో అతన్ని రీళ్ల హనుమండ్లు అనేవారు.

సొంతూరు హుజూరాబాద్ పక్కన. పోలీసు చర్య జరిగిన ఏడాది, పద్దెనిమిదేళ్ల వయసులో, భుజాన ఒక దుప్పటి వేసుకుని బొగ్గుబాయిల దిక్కు నడిచి వచ్చాడు. బాయిలోకి దిగిన మొదటి రోజే పైనుంచి ఒక బొగ్గు పెళ్ల ఊడి అతని ముందు దబ్బున పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. అయినా హనుమండ్లు పార అక్కడే పడేశాడు. పైకి వచ్చాక ఒకటే మాట అన్నాడు: "భూమి మీద ఏ పనైనా చేస్త. భూమి లోపల మాత్రం చెయ్య." సైకిలు బాగా తొక్కుతాడని సినిమా హాలు వాళ్లు పిలిచి పని ఇచ్చారు.

ఆ పని ఎలాంటిదో చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగిన ఘోరం అర్థం కాదు. ఒకే సినిమా పెట్టెను రెండు హాళ్లు ఆడించుకునేవి. మంచిర్యాలలో పక్కా హాలు, నాలుగు మైళ్ల అవతల నస్పూర్‌లో డేరా టాకీసు. ఇక్కడ ఆట ముందు మొదలవుతుంది, అక్కడ గంట ఆలస్యంగా. ఇక్కడ ఆడిన రీళ్లను ఆడినట్టే డబ్బాలో పెట్టి, సైకిలు వెనక కట్టి, అక్కడికి చేర్చాలి. ఆట మొదట్లో హనుమండ్లు గేటు దగ్గర టికెట్లు చింపుతుండేవాడు కాబట్టి సినిమా మొదలు చూసే యోగం లేదు. మొదటి డబ్బాలు నస్పూర్‌లో దించి వెంటనే వెనక్కి తిరిగేవాడు కాబట్టి అక్కడా లేదు. ఆఖరి డబ్బా కోసం మంచిర్యాలలో ఎదురుచూస్తూ సినిమా చివర చూసేవాడు. అది పట్టుకుని నస్పూర్ చేరేసరికి అక్కడ ఇంకా నడిమి భాగం ఆడుతూ ఉండేది. చెమట తుడుచుకుంటూ డేరా గుంజకు ఆనుకుని అది చూసేవాడు. అంతలోనే అక్కడ ఆడిపోయిన మొదటి రీళ్లను తర్వాతి ఆటకు మళ్లీ మంచిర్యాల తేవాలి. అంటే ఏ సినిమా అయినా అతనికి ముందు చివర, తర్వాత నడుమ. మొదలు మాయం!

చాయ్ హోటల్లో అతని చేత కథ చెప్పించుకుని జనం పొట్టలు పట్టుకుని నవ్వేవారు. "హనుమండ్లు సినిమాలల్ల సచ్చినోళ్లు లేచి పెండ్లి చేసుకుంటర్రా!" అనేవారు. అతనూ నవ్వేవాడు. తెలుగు సినిమా అయితే ఇబ్బంది లేదు, మాటలు అర్థమవుతాయి కాబట్టి వెనకదేదో ముందరిదేదో ఇంటికి పోయే దారిలో సర్దుకునేవాడు.

పెళ్లాం ఎల్లక్క. మాట తక్కువ, కానీ అన్న మాట మీంచి జరిగే మనిషి కాదు. ఇద్దరికీ ఒక్కతే బిడ్డ, బాలలక్ష్మి. ఇల్లు సినిమా హాలు వెనకే. ఆటకు ముందు హాలు మీది మైకులో పాటల రికార్డులు వేసేవారు. ఆ పాటల్లోనే పిల్ల పుట్టింది, పాకింది, నడక నేర్చింది.

పిల్లకు అయిదేళ్లప్పుడు ఒక శనివారం ఎల్లక్క గుళ్లో భజనకు తీసుకుపోయింది. భజన మధ్యలో హార్మోనియం వాయించే ముసలాయన నీళ్లు తాగడానికి లేచాడు. బాలలక్ష్మి పోయి ఆ పెట్టె ముందు కూర్చుంది. వెనక తిత్తికి చెయ్యి అందలేదు. ఎల్లక్క మురిపెంగా పోయి తిత్తి ఆడించింది. అంతే! అంతదాకా పాడిన భజన పాట మొత్తం, ఒక్క మెట్టు తప్పకుండా, పిల్ల వేళ్ల కింద నుంచి వచ్చింది. తాళాలు కొట్టేవాడు కొట్టడం మరిచిపోయాడు. ముసలాయన చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

"ఎవలు నేర్పిన్రే బిడ్డా?" అన్నాడు ఆయన.

"ఎవ్వలు నేర్పలే తాతా. ఇన్న," అంది పిల్ల. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని కిలకిలా నవ్వుతూ ఇంకో పాట ఎత్తుకుంది. అది ఆ పొద్దున మైకులో వచ్చిన సినిమా పాట. గుళ్లో సినిమా పాటేమిటని ఎవరూ అనలేదు.

నెల తిరక్కుండానే ముసలాయన ఆ హార్మోనియాన్ని హనుమండ్లు ఇంటికి చేర్చాడు. "నా తాన ఉంటే ఎలుకలు కొడ్తయి. నీ బిడ్డ తాన ఉంటే పాడ్తది. ఉండనీ," అన్నాడు.

రెండేళ్లు ఆ ఇల్లు ఇల్లులా లేదు, పెళ్లి పందిరిలా ఉంది. పిల్ల బువ్వ తింటూ తింటూ లేచి వాయించేది, అవ్వ మీద అలిగి వాయించేది, అలక తీరి వాయించేది. ఇరుగు పొరుగు వాకిట్లో చేటలు పెట్టుకుని బియ్యం చెరుగుతూ వినేవారు. హనుమండ్లుకు తాను ఏ నోము నోచాడో అర్థమయ్యేది కాదు.

అప్పుడు వచ్చింది ఆ ఇంగ్లీషు సినిమా. అరవయ్యో సంవత్సరం అది. బొగ్గు కంపెనీ దొరల కోసం హాలు యజమాని వారం రోజులు తెప్పించాడు. అమెరికా వాళ్లు తీసిందట. అందులో ఫిడేలు వాయించే ఒక చిన్న పోరడు ఉన్నాడు, గిరజాల జుట్టు, బుగ్గల మీద పుట్టుమచ్చలు. మాటలు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ కళ్లు ఉన్నాయి కదా, చూశాడు. మంచిర్యాలలో చూసింది ఇదీ: పోరడు ఇంటి మెట్ల మీద ముభావంగా కూర్చున్నాడు. ఫిడేలు చేతికిస్తే కట్టెముక్కలా పక్కన పెట్టేశాడు. అంతకు ముందు మంచం కింద దాక్కుని ఏడ్చాడు, జ్వరంతో పడుకున్నాడు. తర్వాత సైకిలెక్కి నస్పూర్ పోతే అక్కడ చూసింది ఇదీ: పెద్ద టోపీ పెట్టుకున్న సారు ఒకాయన పోరణ్ని రైలెక్కించి ఊరూరా తిప్పుతున్నాడు. పెద్ద పెద్ద హాళ్లు. పోరడు వాయిస్తున్నాడు. వేల మంది లేచి నిలబడి చప్పట్లు, చప్పట్లు, చప్పట్లు!

డేరా గుంజ పట్టుకుని హనుమండ్లు ఏడ్చేశాడు. వారంలో ఏడు సార్లు చూసి ఏడు సార్లూ ఏడ్చాడు. కథ అతనికి తేటతెల్లంగా అర్థమైపోయింది. పోరనికి మొదట్లో ఫిడేలంటే ఇష్టం లేదు. ఏడ్చాడు, దాక్కున్నాడు, జ్వరం తెచ్చుకున్నాడు. టోపీ సారు వదలలేదు. చివరికి దేశం లేచి దండం పెట్టింది. పట్టిన కుందేటికి మూడే కాళ్లు కదా! ఈ ఒక్క సినిమాకు మాత్రం ముందూ వెనకా సరిచూసుకోవాలని అతనికి తోచలేదు. అడుగుదామన్నా చాయ్ హోటల్లో ఇంగ్లీషు వచ్చినవాడు ఎవడు?

"ఎల్లక్కా, ఆటలు చాలు. ఇగ పిల్లతోని సాధన చేపియ్యాలె," అన్నాడు ఆ సినిమా వెళ్లిపోయిన రోజు.

కోడి కూసిన దగ్గర నుంచి సాధన. మధ్యాహ్నం సాధన. ఒకే పాట ఇరవై సార్లు. హనుమండ్లు పిల్లను ఒక్క దెబ్బ కొట్టలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. ఆ వాడలో అది పెద్ద విశేషమే. తప్పు పోతే మాత్రం, "నాకు బువ్వద్దు" అని కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. పిల్ల సరిగ్గా వాయించేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టేవాడు కాదు. ఒకసారి రెండు రోజులు అలాగే నస్పూర్‌కు సైకిలు తొక్కాడు. తన కడుపు మాడ్చుకుంటున్నాడే తప్ప పిల్లను ఏమీ అనడం లేదు కదా అని అతని లెక్క. తండ్రి ప్రేమ అంటే ఇదే అనుకున్నాడు పిచ్చి మారాజు.

ఎనిమిదో ఏట, హార్మోనియం మీది గుడ్డ తీయగానే బాలలక్ష్మి మంచం కిందికి దూరిపోయింది. ఎల్లక్క బిత్తరపోయింది. హనుమండ్లు ఏం చేశాడో తెలుసా? చంకలు గుద్దుకున్నాడు!

"సూడే, సూడే! గా పోరడు గూడ గిట్లనే దాసుకున్నడు! ఇగ జర్రంత ఓపిక పడితె సాలు!"

"నీకేమన్న దయ్యం పట్టిందా? పిల్ల వణుకుతాంది!" అంది ఎల్లక్క.

"నీకు తెల్వది. నేను కండ్లార జూసిన."

కళ్లారా చూసినవాడితో ఏం వాదిస్తుంది? పిల్లను బయటికి లాక్కుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఆ ఏడాది నుంచి బాలలక్ష్మి వేళ్లు మునుపటి కంటే గొప్పగా ఆడాయి. నవ్వు మాత్రం ఎక్కడ పోయిందో పోయింది. వినేవాళ్లు వేళ్లు చూశారు, ముఖం చూడలేదు.

అరవై రెండులో కార్మికుల సభలో పిల్ల వాయించిన రోజు, కరీంనగర్ నుంచి వచ్చిన నాటకాల కంపెనీ మేనేజరు రామచంద్రం విన్నాడు. మర్నాడే ఇంటికి వచ్చాడు. పిల్లను కంపెనీతో పంపాలట. వరంగల్, హైదరాబాద్, బెజవాడ. ఏడాదికోసారి ఇంటికి పంపుతాడట. గోడల మీద అంటించే కాగితం కూడా రాసి తెచ్చాడు: ఏడేండ్ల వింతపిల్ల.

"నా బిడ్డకు తొమ్మిదేండ్లు," అంది ఎల్లక్క.

"మనకు తెలుసమ్మా. జనానికెందుకు?" అని నవ్వాడు రామచంద్రం. "సోమవారం నాలుగింటి బండికి తయారుగ ఉంచున్రి."

ఆయన నెత్తి మీద టోపీ ఉంది. హనుమండ్లుకు ఇంకేం కావాలి! అక్కడికక్కడే మాటిచ్చేశాడు. ఎల్లక్క మాత్రం పంపనంటే పంపనంది. అన్నం వండింది, నీళ్లు తెచ్చింది, పంపనంది. మూడు రోజులు ఇంట్లో ఇదే రంధి. అదే వారం, ఎవరు పిలిచినట్టు, ఆ ఇంగ్లీషు సినిమా మళ్లీ మంచిర్యాలకు వచ్చింది. నస్పూర్ డేరా అప్పటికి ఎత్తేశారు, రీళ్లు మోసే పని పోయి హనుమండ్లు ఇప్పుడు ఉత్త గేటు మనిషి. అతని ముఖం వెలిగిపోయింది.

"ఎల్లక్కా, నా మాట నమ్మకు. సోమవారం పొద్దుగాల ఆటకు నాతోని రా. నీ కండ్లతోని సూడు. అటెన్క సెప్పు."

ఎల్లక్క చేతిలో చేట కింద పెట్టింది. "వస్త. సూసినంక గూడ నా మనసు ఒప్పకపోతే పిల్లను పంప. ఒట్టెయ్యి."

"ఒట్టు. ఒప్పితే?"

"ఒప్పితే నేనే తలకు పోసి పంపిస్త," అంది. ఎల్లక్క మాటంటే మాటే. బిడ్డ బతుకు ఆ సినిమా మీద పెట్టి సోమవారం పొద్దున ఇద్దరూ హాలుకు బయలుదేరారు. పిల్లను పక్కింటి శంకరవ్వ దగ్గర వదిలారు. పిల్ల బట్టల పెట్టె హనుమండ్లు అప్పటికే సర్ది పెట్టాడు.

ఆడవాళ్ల బెంచీలు ఒక పక్క, మగవాళ్లవి ఒక పక్క, నడుమ నడుమెత్తు గోడ. గేటు పని ఇంకొకరికి అప్పగించి, హనుమండ్లు జన్మలో మొదటిసారి దీపాలు ఆరక ముందే బెంచీ మీద కూర్చున్నాడు.

సినిమా మొదలైంది. సముద్రం ఒడ్డున చిన్న ఇల్లు. గిరజాల పోరడు ఇసుకలో ఉరుకుతూ ఫిడేలు వాయిస్తున్నాడు. వాయిస్తూ నవ్వుతున్నాడు! పడీ పడీ నవ్వుతున్నాడు!

హనుమండ్లు ఉలిక్కిపడ్డాడు. ఏడు సార్లు చూశాడు కదా, ఈ పోరడు నవ్వగా ఎప్పుడూ చూడలేదే! ఇదెక్కడిది? ఇది ఎప్పుడు జరిగింది?

టోపీ సారు వచ్చాడు, పోరణ్ని తీసుకుపోయాడు. రైళ్లు, హాళ్లు. చప్పట్లు వచ్చాయి. హనుమండ్లు ప్రాణం లేచి వచ్చింది. గోడ మీంచి ఎల్లక్క వైపు చూశాడు, చూశావా అన్నట్టు. సినిమా అయిపోయిందనుకుని లేచి నిలబడ్డాడు కూడా. వెనకవాళ్లు "కూసోవయ్యా!" అని అరిచారు. కూర్చున్నాడు. ఇంకా ఏముంటుంది?

ఇంకా ఉంది. పోరడు తెర వెనక నిలబడే నిద్రపోతున్నాడు. టోపీ సారు లేపి మళ్లీ ముందుకు తోశాడు. జ్వరం వచ్చింది. ఫిడేలు పెట్టె తెరవగానే పోరడు మంచం కిందికి దూరాడు. తల్లి పరుగెత్తుకుంటూ వచ్చి వాణ్ని ఇంటికి తీసుకుపోయింది. అదే సముద్రం, అదే ఇసుక. పోరడు మెట్ల మీద కూర్చున్నాడు. తల్లి ఫిడేలు చేతికిచ్చింది. వాడు దాన్ని చూశాడు, పక్కన పెట్టాడు. దీపాలు వెలిగాయి.

 ఇది అబద్ధం. ఇది ఇలా లేదు! హనుమండ్లు లేచి జనాన్ని తోసుకుంటూ మిషను గదిలోకి పరుగెత్తాడు.

"డబ్బాలు తారుమారు చేసినవ్! చప్పట్ల రీలు ఆఖర్ల ఉండాలె! నేను పదేండ్లు మోసిన, నాకు తెల్వదా?" అని ఆపరేటరు మీద అరిచాడు.

ఆపరేటరు మిషను వదిలి వచ్చాడు. డబ్బాలన్నీ నేల మీద వరసగా పెట్టి, మూతల మీది అంకెలు వేలితో చూపించాడు. "ఒకటి, రెండు, మూడు... సూడు అన్నా. చప్పట్లది ఆరోది. మంచం కిందిది తొమ్మిది. మెట్ల మీద కూసునేది పది. ఎన్నడన్న గిదే వరస."

హనుమండ్లు ఆ అంకెలు చూస్తూ చతికిలబడ్డాడు. ఆ డబ్బాలు మోసింది తనే. ఆ అంకెలు వీపు వెనకే ఉండేవి. తొమ్మిదో డబ్బా చూసి ఆరో డబ్బాకు పోయినవాడు, నా బిడ్డ ఇప్పుడు ఆరు దిక్కు పోతోందని రెండేళ్లు మురిసిపోయాడు. పిల్ల మంచం కింద దూరిన రోజు చంకలు గుద్దుకున్నాడు! 

హాలు బయట ఎల్లక్క ఎండలో నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"గిదేనా నువ్వు సూపిస్తనన్నది?" అంది.

"ఎల్లక్కా... నాకు తెల్వలే. నేను ఎన్క నుంచి సూసిన."

"గా తల్లి మాట నాకు తెల్వదనుకున్న. దొరసాని గద, మనసోంటి దుక్కం ఉంటదా అనుకున్న." ఎల్లక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "రెండేండ్ల సంది నేను మొత్తుకుంట లేనా? నా బిడ్డ ముఖం సూసి తెల్వకపాయె. తెల్లోళ్ల పోరని ముఖం సూస్తె తెలిసిందా నీకు?"

  ఎల్లక్క ముందు, హనుమండ్లు వెనక, ఇద్దరూ ఇంటికి నడిచారు.

వాకిట్లో మంచం మీద రామచంద్రం కూర్చుని ఉన్నాడు, అప్పటికే వచ్చేశాడు. "ఏమోయ్ హనుమండ్లూ, బండి టైమైతాంది."

"పిల్ల రాదు సారూ."

"అదేంది? మాటిచ్చినవ్. కాగితాలు అచ్చయినయి!"

"గా కాగితాల మీద ఉన్నది నా బిడ్డ కాదు. నా బిడ్డకు తొమ్మిదేండ్లు. మీరు పోండ్రి సారూ, దండం పెడ్త," అన్నాడు. ఆయన తిట్టాడు, బతిమాలాడు, మళ్లీ తిట్టాడు, పోయాడు.

గండం గడిచిందనుకున్నాడు హనుమండ్లు. శంకరవ్వ ఇంటి నుంచి బాలలక్ష్మిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. పిల్ల తలకు నూనె రాసి రెండు జడలు వేసి ఉంది. మోకాళ్ల మీద కూర్చుని, పిల్ల ముఖం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"బిడ్డా, నువ్వు ఏడికీ పోవద్దు. ఇగ పెట్టె గూడ వాయించద్దు. పో, ఆడుకో."

పిల్ల ఎగిరి గంతేస్తుందనుకున్నాడు. బాలలక్ష్మి ముఖం తెల్లగా పాలిపోయింది.

"నేను తప్పు వాయించిన్నా బాపూ?"

"లే బిడ్డా. ఏం తప్పు చెయ్యలే. వద్దన్న, గంతే."

పిల్ల అతని చేతుల్లోంచి జారిపోయింది. మూలకు ఉరికి హార్మోనియం మీది గుడ్డ లాగేసింది. వాయించడం మొదలుపెట్టింది, గబగబా, కళ్లు ఇంత చేసుకుని, తండ్రినే చూస్తూ. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. వేళ్లు ఒక్క మెట్టు తప్పడం లేదు.

"వద్దు బిడ్డా! ఎందుకే? ఆపు!"

"తప్పు పోకుంట వాయిస్త బాపూ. నువ్వు బువ్వ తిను," అంది పిల్ల ఎక్కిళ్ల మధ్య. "పొద్దటి సంది తినలే నువ్వు. తినకుంటె మనుషులు సచ్చిపోతరట. శంకరవ్వ చెప్పింది. నేను వాయిస్త, నువ్వు సావకు బాపూ."

 ఎల్లక్క గడప దగ్గర కూలబడింది. రెండేళ్లు! కోడి కూసినప్పుడూ, మధ్యాహ్నాలూ, ఆ ఇరవై ఇరవై సార్లూ, ఈ పసిది తండ్రిని బతికించుకోవడానికి వాయించిందా?

"ఎల్లక్కా, అన్నం పెట్టు," అన్నాడు హనుమండ్లు. 

ఎల్లక్క లేచి పోయి కంచం తెచ్చి పెట్టింది. జొన్న గటక, పచ్చిపులుసు. పిల్ల వాయిస్తూనే ఉంది, కళ్లు కంచం మీద. "సూడు బిడ్డా, తింటున్న, ఇగ ఆపు," అన్నాడు. పిల్ల తల అడ్డంగా ఊపింది, కంచంలో ఇంకా ఉంది మరి. హనుమండ్లు ముద్ద మీద ముద్ద నోట్లో కుక్కుకున్నాడు. గొంతు దిగడం లేదు. నీళ్లు తాగాడు, మింగాడు, మళ్లీ కుక్కుకున్నాడు. బిడ్డ చేతులు ఆగాలంటే వేరే దారి లేదు. ఏడుస్తూ, పొలమారుతూ, కంచం అడుగు కనిపించేదాకా తిన్నాడు. కంచం ఎత్తి పిల్లకు చూపించాడు. అప్పుడు బాలలక్ష్మి వాయించడం ఆపింది.